ఏసీ కింద కారే నీళ్లు ఎవరివి?

పగలంతా సైటులో ఎండకు మాడి రాత్రి మంచం మీద వాలితే మన క్యాంపుల్లో ఒక చప్పుడు వినిపిస్తుంది. ఇంటికి ఫోన్లు అయిపోయాక, గురకలు మొదలయ్యే ముందు వినిపిస్తుంది. కిటికీ అవతల ఏసీ పైపు నుంచి టప్ టప్ మని కారే నీళ్ల చప్పుడు. గల్ఫ్‌లో ఏ దేశంలో ఉన్నా, ఏ కంపెనీలో ఉన్నా ఈ చప్పుడు వినని తెలుగువాడు ఉండడు. రాత్రంతా గోడ వెంట నాచు పట్టేలా కారుతుంది, కింద ఇసుక తడుస్తుంది, తెల్లారి ఎండెక్కేసరికి ఆరిపోతుంది.

మేము మస్కట్ శివారులో ఒక నిర్మాణ కంపెనీ క్యాంపులో ఉంటాం. గదికి ఎనిమిది మందిమి. మా వరుసలో పన్నెండు గదులు. సూపర్‌వైజర్లం, మేస్త్రీలం, హెల్పర్లం కలిసే ఉంటాం. నాలుగేళ్లుగా ఇలా పారబోసే నీళ్లతోనే గదుల వెనుక కాస్త ఆకుకూర, నాలుగు కూరగాయలు పండించుకుంటున్నాం. ఈ విషయం మీద నాలుగు మాటలు రాయడానికి కారణం ఉంది. "ఈ ఎడారిలో నీళ్లెక్కడివి, మొక్కలెక్కడివి" అనే మాట క్యాంపు ఆఫీసు నోట, మన వాళ్ల నోట ఒకే రకంగా వింటున్నాం. ఆ మాట సరి కాదని మా అభిప్రాయం. నీళ్లు ఉన్నాయి. లేనివల్లా లెక్క, వంతు, అనుమతి.

ముందు లెక్క సంగతి చూద్దాం. కొలవడం మా వృత్తి. సిమెంటు బస్తా దగ్గర నుంచి కడ్డీల బరువు దాకా కొలిచి రాసేవాళ్లం, మా కిటికీ కింద పోయే నీటిని మాత్రం ఎన్నడూ కొలవలేదు. ఒక సెప్టెంబర్ నెలలో పైపు కింద పాత పెయింట్ బకెట్ పెట్టాం. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా పన్నెండు లీటర్లకు పైగా పడ్డాయి. సముద్రం పక్కన ఊరు కాబట్టి గాలిలో తేమ ఎక్కువ, ఆ తేమే ఏసీలో చల్లబడి నీరవుతుంది. అక్టోబర్ చివరికి అది ఏడెనిమిది లీటర్లకు దిగింది. డిసెంబర్ వచ్చేసరికి ఏసీ వేసే పనే లేదు, బకెట్ ఎండిపోయింది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. చాలామంది దీన్ని చూడకే దెబ్బతింటారు. ఏసీ నీళ్లు దండిగా కారేది జూన్ నుంచి సెప్టెంబర్ వరకు. ఆ ఎండకు టమాట పూత నిలవదు, కొత్తిమీర మొలిచినా రెండు వారాల్లో పూతకొచ్చి పోతుంది. మొక్కలు హాయిగా పెరిగేది అక్టోబర్ నుంచి మార్చి దాకా. అప్పుడు ఏసీ నీళ్లు తగ్గిపోతాయి, నడి చలికాలంలో అసలే ఉండవు. మే నెలలో ఉత్సాహంగా విత్తనాలు చల్లి, జూన్‌లో అవి మాడిపోతే "చెప్పలేదా, ఇక్కడ ఏమీ కాదు" అన్నవాళ్లను మేం చాలామందిని చూశాం. తప్పు నేలది కాదు, నెలది.

మరి చలికాలం నీళ్లెక్కడివి? ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది ఒక లీటరు. చలికాలంలో ఇక్కడ ఆకుకూర మడికి రోజుకు మూడు నాలుగు మిల్లీమీటర్లు చాలు, వేసవిలో దానికి రెట్టింపు, ఒక్కో రోజు అంతకన్నా ఎక్కువే కావాలి. మా గది వెనుక మడులన్నీ కలిపి ఆరు చదరపు మీటర్లు. అంటే చలికాలంలో రోజుకు పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు లీటర్లు. ఎనిమిది మందికి అన్నం వండడానికి బియ్యం రెండుసార్లు కడిగితే ఎనిమిది లీటర్లు వస్తాయి. కూరగాయలు కడిగినవి ఆరేడు లీటర్లు. వాటర్ కూలర్ కింద ట్రేలో గ్లాసులు తొలిపినవి, వంచి పోసినవి నాలుగైదు. దాదాపు సరిపోయింది. ఇవన్నీ సబ్బు తగలని నీళ్లే.

మిగిలిన కాస్త లోటు తీర్చే ఉపాయం మాకు తట్టలేదు. మాతో పనిచేసే ఒక పాకిస్తానీ మేస్త్రీ చెప్పాడు. నమాజ్ ముందు వజూ చేసే నీళ్లు రోజుకు ఐదుసార్లు కుళాయి కింద నుంచి నేరుగా మోరీలోకి పోతున్నాయి. ఒక్కొక్కరికి మూడు లీటర్లకు తక్కువ కాదు. "భాయ్, ఇది సబ్బు నీళ్లు కాదు, మొక్కకు పోస్తే మాకూ సంతోషమే" అన్నాడు. నమాజ్ గది పెద్దలను అడిగితే సరే అన్నారు. ఒక పైపు ముక్క, ఒక మూత ఉన్న డ్రమ్ము పెట్టాం. మా వరుస వెనుక మునగ చెట్టు రెండేళ్లుగా ఆ నీళ్లతోనే పెరుగుతోంది. దాని ఆకు మేమూ తింటాం, వాళ్లూ పప్పులో వేసుకుంటారు.

అన్ని నీళ్లూ మొక్కకు పనికిరావని కూడా చెప్పాలి. బట్టలుతికిన సర్ఫు నీళ్లు పోయొద్దు. వాటిలోని సోడియం మట్టిని బిగదీస్తుంది. ఉప్పు వేసి వార్చిన గంజి, గిన్నెలు కడిగిన నూనె నీళ్లు వద్దు. తాగునీటి ఆర్ఓ మిషన్ పక్క పైపులోంచి వచ్చే వృథా నీటిని చూసి చాలామంది ఆశపడతారు. అందులో ఉప్పంతా పోగుపడి ఉంటుంది. ఈ దేశపు ఇసుకలో అసలే ఉప్పు ఎక్కువ. సముద్రపు ఇసుకను కడగకుండా కాంక్రీటులో వేస్తే ఇనుము తుప్పు పడుతుందని మనకు తెలుసు కదా, మొక్క వేరుకూ ఆ ఉప్పు శత్రువే. ఆకు అంచులు కాలినట్టయి, మట్టి మీద తెల్ల పొర కనిపిస్తే ఉప్పు పేరుకున్నట్టు గుర్తు. అప్పుడు ఏసీ నీళ్లు ఒక్కసారిగా ఎక్కువగా పోసి ఉప్పును కిందికి దింపాలి. ఏసీ నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. అందుకే మొక్కకు అంత విలువ. మనం తాగడానికి మాత్రం అవి పనికిరావు, ఏసీ లోపలి దుమ్ము, మురికి అన్నీ తగిలి వస్తాయి.

నీళ్లున్నా ఎండిన తోట

మొదటి ఏడు మా తోట ఎండిపోయింది. నీళ్లు లేక కాదు. సోమవారం నలుగురు పోశారు, మెంతులు కుళ్లాయి. శుక్రవారం సెలవు, అందరూ రువి వెళ్లారు, ఎవరూ పోయలేదు. శనివారం "నువ్వు పోస్తావనుకున్నా" అంటే "నువ్వు పోస్తావనుకున్నా" అనుకున్నారు. పది మంది చేతుల్లో ఉన్న బకెట్ ఎవరి చేతిలోనూ లేనట్టే అయింది.

దీనికి మందు మాకు నిజ్వాలో దొరికింది. ఒక స్కూలు భవనం పని మీద అక్కడ ఏడు నెలలున్నాం. ఒమన్‌లో ఫలజ్ అనే కాలువలు ఉంటాయి. కొండల కింద నేల లోపలి నీటిని, ఊటల నీటిని, వాగు నీటిని మోటారు లేకుండా వాలు మీదే ఖర్జూర తోటలకు తెచ్చే కాలువలు అవి. ఇప్పటికీ మూడు వేల దాకా పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నిజ్వాలోని ఫలజ్ దారిస్ అందులో ఒకటి. మేము వెళ్లి కాళ్లు కడుక్కుని వచ్చేవాళ్లం. చూస్తే మామూలు పంట కాలువే. అసలు గొప్ప దాని పంపకంలో ఉంది. ఎవరి తోటకు ఎంతసేపు నీరు పారాలో కాలంతో కొలుస్తారు. అరగంటకు అసర్ అని పేరు. గడియారాలు రాకముందు పగలు నీడను చూసి, రాత్రి నక్షత్రాలను చూసి వంతు మార్చేవారు. అందరి వంతులూ చూడటానికి వకీల్ అని ఒక మనిషి ఉంటాడు.

మా గదిలో మేమందరం కాక అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు, మెట్‌పల్లి వైపు మనిషి. ఈ వకీల్ సంగతి చెబితే నవ్వి "గిదేం కొత్తర? మా తాత నీరటి. చెరువు తూము దగ్గర కూసొని ఎవల మడికి ఎంతసేపు అని ఆయనే ఇడిసేటోడు. పెద్ద పటేలైనా సరే వంతు దాటితే ఒప్పుకునేటోడు కాదు" అన్నారు. మన ఊళ్లలో నీరటికాడు చేసిన పనే ఇక్కడి వకీల్ చేస్తున్నాడన్నమాట. చెరువులు పోయి బోర్లు వచ్చాక ఎవరి మోటారు వారిది, నీరటి మాట మరిచిపోయాం.

ఆ రోజు నుంచి గది తలుపు వెనుక ఒక కాగితం అంటించాం. ఏ వారం ఎవరు, పొద్దున ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని అని. మనిషి మారినా మగ్గు మారదు, లీటరు మగ్గు ఒక్కటే. నైట్ డ్యూటీ పడితే వంతు ఇంకొకరికి చెప్పి పోవాలి. కాక మా నీరటి. తోట బతికింది ఆ కాగితం వల్లనే అని మా నమ్మకం.

కాంక్రీటుకు చేసినట్టే

నీళ్లు పోయడంలో మాకు గురువు మా పనే. ఎండలో స్లాబు పోశాక మనం ఏం చేస్తాం? గోనెపట్ట తడిపి కప్పుతాం, పైన పాలిథిన్ షీటు పరుస్తాం. ఎందుకు? ఎండ, గాలి కలిసి పైనున్న నీటిని లాగేస్తే వెంట్రుక పగుళ్లు వస్తాయి. మళ్లీ ఎన్ని నీళ్లు కొట్టినా ఆ పగులు పూడదు. మొక్క మొదలు కూడా అంతే. నున్నగా, బోడిగా ఉన్న మట్టి మీద పోసిన నీళ్లలో మొక్క తాగేదెంత, ఎండ తాగేదెంత? మేము ఎండు ఖర్జూర ఆకులు, అట్టపెట్టె ముక్కలు, చిరిగిన గోనెపట్టలు మూడు వేళ్ల మందాన కప్పాం. రెండో రోజు వేలు పెట్టి చూస్తే లోపల తడి అలాగే ఉంది. అప్పటిదాకా రోజూ పోసే టమాటకు రోజు విడిచి రోజు పోస్తే సరిపోయింది. మడి పైన స్టోరులో తీసేసిన పరంజా నెట్టు ముక్కను నీడకు కట్టాం. స్టోర్ కీపర్‌ను అడిగి, గేట్ పాస్ రాయించుకునే తెచ్చాం. అడగకుండా తెస్తే దొంగతనం కింద పోతుంది, ఉద్యోగం మీదికి వస్తుంది, జాగ్రత్త.

పోసే వేళ తెల్లవారుజామున డ్యూటీ బస్సు రాకముందు. సాయంత్రం అవసరమైతేనే. రోజూ పైపైన చిలకరిస్తే వేర్లు పైనే ఉండిపోతాయి, ఒక్క రోజు మరిచిపోతే వాడిపోతాయి. లోపలికి దిగేలా పోసి కాస్త ఆగితే వేరు నీటిని వెతుక్కుంటూ కిందికి పోతుంది. టమాట, వంగ మొక్కల పక్కన నీళ్ల సీసా అడుగు కోసి, మూతకు సూదితో రెండు మూడు బెజ్జాలు పెట్టి, తలకిందులుగా పాతాం. నీరు నేరుగా వేరు దగ్గర దిగుతుంది. బెజ్జం పెద్దదైతే గంటలో ఖాళీ, చిన్నదైతే ఇసుక అడ్డుపడుతుంది. మాకు నాలుగైదు మూతలు పాడయ్యాకే కుదిరింది. మన రాష్ట్రంలో డ్రిప్పు కోసం సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు 2003లోనే మొదలైంది. మా కాక చేనుకు ఆ పైపులు రాలేదు గానీ ఇక్కడ ఖాళీ సీసాల్లో అదే పని చేస్తున్నారు.

మట్టి విషయంలో మొదట మోసపోయాం. సైటు ఇసుక తెచ్చి డబ్బాల్లో నింపాం, ఏదీ రాలేదు. తోటపని చేసే వాళ్లు 'స్వీట్ సాయిల్' అనే ఉప్పులేని మట్టి వాడతారు. మా పక్క సైటులో తోటపని అయ్యాక మిగిలింది ఫోర్‌మన్‌ను అడిగి నాలుగు బస్తాలు తెచ్చుకున్నాం. బాగా మాగిన మేకల ఎరువు కొంత కలిపాం. డబ్బాల విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తాం. షట్టరింగ్ ఆయిల్, క్యూరింగ్ కాంపౌండ్, అడ్మిక్చర్ వచ్చిన డ్రమ్ములు ఎంత కడిగినా తిండి మొక్కలకు వాడొద్దు. వంటనూనె డబ్బాలు, ఇరవై కిలోల బియ్యం సంచులు చాలు. సంచి ఎండకు ఒక సీజన్ వస్తుంది, తర్వాత పొడిపొడి అవుతుంది.

విత్తనాల కోసం ఊరి నుంచి పొట్లాలు సూట్‌కేసులో దాచి తేవొద్దు. విత్తనాలకు, మొక్కలకు క్వారంటైన్ నిబంధనలుంటాయి, ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. వంటింట్లో మెంతులు లేవా? ధనియాలు కాస్త నలిపి రెండుగా చేసి చల్లితే మొలుస్తాయి. పండిన టమాట గింజలు సరిపోతాయి. రువి కూరగాయల దుకాణంలో కొన్న పుదీనా కాడ, బచ్చలి కాడ, గోంగూర కాడ ఆకు తీసుకుని తడి మట్టిలో గుచ్చండి, చాలావరకు నాటుకుంటాయి. నీళ్లు తక్కువున్న చోట మొదట వేయాల్సింది మెంతికూర. మూడు నాలుగు వారాల్లో చేతికొస్తుంది, అంటే అంత తక్కువ రోజులే నీళ్లు పోస్తాం. తర్వాత తోటకూర. గోంగూర, బచ్చలి, బెండ వేడిని ఓర్చుకుంటాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్ జోలికి మేం పోలేదు. ఒక్క గడ్డ కోసం రెండు మూడు నెలలు నీళ్లు పోయడం మా లెక్కకు నప్పదు.

దీనితో మా కూరగాయల ఖర్చంతా తీరిపోతుందని అబద్ధం చెప్పం. ఉల్లి, ఆలు, పప్పు కొనాల్సిందే. నవంబర్ నుంచి మార్చి దాకా వారంలో మూడు రోజులు ఎనిమిది మందికి సరిపడా ఆకుకూర వస్తుంది. మిగతాది కాసిని మిర్చి, కాసిని టమాటలు. వంద బైసలకు కట్ట దొరికే కొత్తిమీర కోసం ఇంత తిప్పలా అని అడిగేవాళ్లున్నారు. సరే, కట్ట దొరుకుతుంది. కానీ డ్యూటీ దిగి, బస్సులో గంట కూర్చుని వచ్చి, ఆ కట్ట కోసం మళ్లీ టాక్సీ ఎక్కేదెవరు? అందుకే రోజూ పచ్చడి మెతుకులు, కోడిగుడ్డు, లేకపోతే పప్పు. మా వరుసలో నలభై దాటినవాళ్లలో షుగరు గోళీలు, బీపీ గోళీలు మింగేవాళ్లు చాలామందే ఉన్నారు. డాక్టరు దగ్గరికి పోతే ఆకుకూరలు తినమని రాసి పంపుతాడు. ఆ చీటీ పట్టుకుని ఎక్కడికి పోవాలి?

పీకేసిన రోజు

మూడో ఏడు జనవరిలో, టమాటలు ఎర్రబడే వారంలో, డ్యూటీ నుంచి వచ్చేసరికి మడులు లేవు. మొక్కలన్నీ పీకి చెత్తబండిలో వేశారు. డబ్బాలు బోర్లించి ఉన్నాయి. బల్దియా తనిఖీ ఉందని, నిలవ నీళ్లలో దోమలు పెరుగుతున్నాయని, ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చిందని క్యాంప్ బాస్ చెప్పాడు. ముందు ఒక్క మాట చెప్పలేదు. ఆ రాత్రి గదిలో ఎవరూ సరిగా తినలేదు. కాక బయటికి వెళ్లి చెత్తబండిలో వెతికి రెండు బచ్చలి తీగలు తెచ్చి గ్లాసులో పెట్టుకున్నారు. కాయలు పోతే పోయాయి, "అది నీ జాగా కాదు" అని చెప్పకుండానే చెప్పినట్టయింది. ఎక్కువ నొప్పి అక్కడే.

అయితే న్యాయంగా మాట్లాడుకోవాలి. క్యాంప్ బాస్ చెప్పిన కారణం పూర్తిగా తప్పు కాదు. మేము నీళ్లు పట్టిన బకెట్లు మూత లేకుండా రోజుల తరబడి ఉంచాం. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ ఇలాంటి కొద్దిపాటి మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. ఒక్క గది తోట కోసం వంద మందికి జ్వరం తెప్పించే హక్కు మాకు లేదు. అది మా తప్పు, ఒప్పుకుంటున్నాం.

తప్పు ఉంటే దిద్దాలి గానీ పీకడమేంటి? పరంజా మీద ఒక పలక వదులైతే బిల్డింగే ఆపేస్తామా? పలక బిగించి, సంతకం పెట్టి, పని కొనసాగిస్తాం. నెల తర్వాత మేమందరం కలిసి ఒక కాగితం రాసుకుని ఆఫీసుకు వెళ్లాం. ఏసీ పైపులన్నీ మూత ఉన్న ఒకే డ్రమ్ములోకి కలుపుతాం, పైపు దూరే చోట సన్న జాలీ కడతాం. డ్రమ్ము నాలుగు రోజులకొకసారి పూర్తిగా ఖాళీ చేస్తాం. మడులు గోడకు రెండడుగుల ఎడంగా ఉంటాయి, గోడకు చెమ్మ పట్టదు. తోటకు బాధ్యుడిగా ఒక మనిషి పేరు ఇస్తాం. శుక్రవారం పొద్దున క్యాంప్ బాస్ వచ్చి చూసుకోవచ్చు. రెండు వారాలు తిప్పించుకుని చివరికి "ట్రయల్" అని రాసి ఇచ్చారు. ఆ ట్రయల్ మీదనే ఇవాళ్టికీ నడుస్తోంది. ఇప్పుడు క్యాంప్ బాసే పుదీనా కోసుకుపోతాడు.

మేము అడిగేది ఇంతే. ఈ నియమాలు ఒక వరుసకు పనికొస్తే క్యాంపు మొత్తానికి ఎందుకు పనికిరావు? కొత్త క్యాంపులు కట్టేది మన చేతులతోనే. డ్రాయింగులో ఏసీ డ్రెయిన్ పైపు గోడ బయట ఇసుకలోకి వదిలేసి ఉంటుంది. దాన్ని కింద ఒక పైపుకు కలిపి డ్రమ్ము దాకా తీసుకుపోవడానికి ఖర్చెంత? కట్టేటప్పుడే చేస్తే గదికి నాలుగు మీటర్ల పీవీసీ పైపు. పడకకు ఇంత జాగా, బాత్రూముకు ఇంతమంది అని లెక్క కట్టే కంపెనీలు వరుసకు పది అడుగుల మడి జాగా కూడా రాస్తే బాగుంటుంది. కంపెనీలకు ఇది దానం కాదు. డ్యూటీ దిగి చేసేందుకు ఒక పని ఉన్న మనిషి తాగుడు వైపు పోయేది తక్కువ అని మా వరుసలో మేం కళ్లారా చూశాం.

మన వాళ్లతోనూ ఒక మాట ఉంది. "రెండేళ్ల వీసా, ఇక్కడ పాతుకుపోతామా" అంటారు. రెండేళ్లంటే రెండు చలికాలాలు. మెంతికూర రెండేళ్లు అడగదు. ఇంకో సంగతి, ఇక్కడ నేర్చినది ఊళ్లో పనికొస్తుంది. కాక కథ తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కరలేదు. 2002 కరువులో ఆయన ఏడు బోర్లు వేశారు. ఒక్కదాంట్లో నీళ్లు పడ్డాయి, రెండేళ్లకు అదీ ఎండింది. బోర్ల అప్పు మీద వీసా అప్పు చేసి గల్ఫ్ దారి పట్టారు. మనలో ఎంతమంది కథ ఇదే కాదు? ఒకసారి డబ్బాలకు మగ్గుతో పోస్తూ అన్నారు: "మోటరుకు ఆటో స్టార్టర్ పెట్టి పండుకుంటుంటిమి. రాత్రి కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు పారేది. మడి నిండి బాట మీదికి పోయినా లేస్తుంటిమా? గిప్పుడు చూడు, లీటరు లెక్కకు లేస్తున్న."

ఇక్కడి రైతుల కష్టమూ ఇలాంటిదే. మస్కట్ దాటి బర్కా, సువైక్ వైపు పోతే తీరం వెంట తోటలు. బావుల్లో మోటార్లు పెట్టి ఎక్కువ తోడటంతో సముద్రపు నీరు నేల లోపలికి చొచ్చుకొచ్చి ఎన్నో తోటలు ఉప్పుబారాయి. ఆ తోటల్లో పనిచేసే మన వాళ్లూ ఉన్నారు, అడిగితే చెబుతారు. మస్కట్‌లో ఏడాదికి పడే వాన వంద మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మన కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో మామూలు ఏడు దానికి ఎన్నో రెట్లు పడుతుంది. అయినా పెరట్లో పాదు పెట్టమంటే నీళ్లు లేవంటున్నాం.

పోయిన ఏడు మాలో ఒకరి ఇంటి నుంచి ఫోను. పెరట్లో చెట్లు ఎండుతున్నాయి, ఇంటి ముందు బోరు వేయించాలి, డబ్బులు పంపమని. గదిలో అందరం కూర్చుని మాట్లాడాం. ఆ ఇంట్లో నల్లా నీళ్లు వస్తున్నాయి, నలుగురు మనుషులు, బియ్యం, కూరగాయలు, స్నానం, గిన్నెలు. మన అమ్మలు జాలారి పక్కన అరటి, చేమ ఎందుకు పెట్టేవాళ్లు? స్నానపు నీళ్లు ఊరికే పోకూడదని. ఆ జాలారి మీద సిమెంటు వేసి నీళ్లను వీధి మోరీకి కలిపింది మనమే, గల్ఫ్ డబ్బులతో ఇల్లు కట్టి. బోరు డబ్బులు పంపలేదు. స్నానపు నీళ్లు అరటికి, కొబ్బరికి, వంటింటి నీళ్లు ఆకుకూర మడికి మళ్లించమని, మొదళ్లకు వరిగడ్డి కప్పమని ఫోనులో చెప్పాం. మొదట వాళ్లమ్మ అలిగింది. "గల్ఫ్ పోయి కొడుకు పిసినారి అయిండు" అన్నది. సంక్రాంతికి చిక్కుడు కాయల ఫోటో పంపింది.

కాక ఈ ఆగస్టులో ఎగ్జిట్ మీద వెళ్లిపోతున్నారు. ఇరవై ఏళ్లు దాటాయి వచ్చి. తలుపు వెనుక కాగితం మీద ఆయన పేరు ఉన్న చోట ఎవరి పేరు రాయాలని నిన్న రాత్రి మాట్లాడుకున్నాం. మొన్ననే వచ్చిన కోరుట్ల పిల్లవాడు, హెల్పరు, తాను చూసుకుంటానన్నాడు. లీటరు మగ్గు వాడికి ఇచ్చాం. సెప్టెంబర్ ఆఖరి వారంలో మెంతులు చల్లాలి. అంతకు ముందే డ్రమ్ము జాలీ మార్చాలి, పాతది చిరిగింది.